వెళ్ళని క్లాసులో విన్న సంగతులు

“మా ఇంట్లో వాంతులూ గీంతులూ ఉండవు. గ్యారంటీ.”

ఈ మాట అన్నవాడు లిఫ్టు మెకానిక్కు. అన్న చోటు ఒక పెద్ద ఆఫీసు భవనం నెత్తిమీద ఉండే మోటారు గది. విన్నది అతని పైమెకానిక్కు ఒక్కడే. ఆయన ముగ్గురు పిల్లల తండ్రి, అందులో ఇద్దరు కవలలు, కాబట్టి మారుమాట్లాడకుండా గ్రీజు పూసుకుంటూ విన్నాడు. వాంతులనేవి మొగుడికి చూసుకోవడం చేతకాని ఇళ్ళలోనే వస్తాయనీ, మొగుడు కాస్త ముందుచూపున్నవాడైతే కడుపుతో ఉన్న మనిషి నవ్వుతూ తుళ్ళుతూ తొమ్మిది నెలలూ దొర్లించేస్తుందనీ, ఈ విషయంలో తనకి తెలియనిదేదైనా ఉంటే అది ఇంకా ఎవరూ కనిపెట్టలేదని అర్థమనీ మెకానిక్కు ఆ గది వేడెక్కేదాకా వివరించాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పనిముట్ల సంచీ గుమ్మంలో దించాడు. సంచీలోంచి గ్రీజు వాసన గుప్పుమంది. తలుపు తీసిన భార్య ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. బాత్రూందాకా వెళ్ళే వ్యవధి లేదు. ఎదురుగా నోరు తెరుచుకుని ఉన్నది ఆ సంచీ ఒక్కటే. పొద్దుటినుంచి తిన్నదంతా అందులోకే వదిలేసింది. స్పానర్లకీ, టెస్టరుకీ, కొత్తగా కొన్న చేతి తొడుగులకీ ఎవరికీ అన్యాయం జరగకుండా సమంగా అందింది.

మర్నాడు పైమెకానిక్కు ఒక స్పానరు అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, “ముందుచూపు,” అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఏమైనా అంటే బావుండునని మెకానిక్కు రోజంతా అనుకున్నాడు.

పనిలో అందరూ అతన్ని గ్యారంటీ అనే పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు మరమ్మతు చెయ్యడం సగం పనే. లోపల ఇరుక్కున్న మనిషిని హడావుడి పడనివ్వకుండా చూడటం మిగతా సగం. తలుపు సందుకి నోరు పెట్టి ఏదో ఒకటి చెబుతూనే ఉండాలి. ఏం చెప్పాలన్నది ముఖ్యం కాదు, తడబడకుండా చెప్పాలి. ఆ విద్యలో మనవాడిని మించినవాడు లేడు. ఒకసారి ఇరుక్కున్న ఒక గుమాస్తాకి అతను చెప్పిన ధైర్యం ఎంత గట్టిదంటే, తలుపు తెరుచుకున్నాక ఆ మనిషి బయటికి రానన్నాడు, లోపలే బావుందన్నాడు. తాడు తెగే సమస్యే లేదనీ, ఈ లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళందరికీ తర్వాత ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చిందనీ నోటికి ఏదొస్తే అది చెప్పేవాడు. తలుపు తెరుచుకున్నాక ఆ మాటలు నిజమా కాదా అని వెనక్కొచ్చి అడిగినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ లేరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇన్ని లిఫ్టులు బాగుచేసేవాడు కాపురముండేది లిఫ్టు లేని భవనంలో, మూడో అంతస్తులో. రెండు గదులు. ముందు గదిలో అతని తల్లి పడుకుంటుంది. భార్య బడిపిల్లల యూనిఫాంలు కుట్టే వర్క్‌షాపులో కాలర్లు కుడుతుంది. రెండు నెలల కడుపు. బయటివాళ్ళ కంటికి ఏమీ కనపడదు గానీ, లోపల మాత్రం ఇల్లు మారుతున్నంత హడావుడి. ముక్కు ఎంత చురుకెక్కిందంటే, కింది వాటాలో ఎవరు ఏ సబ్బుతో స్నానం చేశారో పైనుంచి చెప్పేస్తోంది. మిషన్ మీద కాలరు సగంలో ఉండగానే నిద్ర ముంచుకొస్తోంది. టీవీలో బట్టల సబ్బు ప్రకటన చూసి వెక్కి వెక్కి ఏడ్చి, మరక పోయింది కదా ఎందుకేడుస్తున్నావంటే, పోయినందుకే అంది. ఇక ఒంటికి వెళ్ళడానికి మాటిమాటికీ లేవాల్సి రావడం. అది ఇంట్లో ఇబ్బంది కాదు. వర్క్‌షాపులో మాత్రం ఆడవాళ్ళందరికీ ఒకే బాత్రూం, దాని తలుపు పక్కనే సూపర్‌వైజరమ్మ కుర్చీ. లేచినప్పుడల్లా ఆవిడ గోడ గడియారం వంక చూస్తుంది.

అత్తగారికి ఇవన్నీ తెలుసు. మంచం పక్కన కరకరలాడే టోస్టు రెండు ముక్కలు పెట్టుకో, లేస్తూనే కొరుక్కో, కడుపు ఖాళీగా ఉంచకు, నీళ్ళు గుక్క గుక్కగా తాగుతూ ఉండు అని చెబుతూనే ఉంటుంది. కానీ ఆవిడ చెప్పేవాటిలో పనికొచ్చేవీ పనికిరానివీ కలిసిపోయి వస్తాయి. నీళ్ళు తాగమన్న నోటితోనే, ఎర్ర చీర కట్టుకుంటే పిల్ల తెల్లగా పుడుతుందని కూడా అంటుంది. అందుకని కోడలు వినయంగా అన్నిటికీ అలాగే అత్తయ్యా అనేసి, దేన్నీ చెవిన వేసుకునేది కాదు. తనకి క్లినిక్ వాళ్ళు చెప్పిందే వేదం. 

క్లినిక్‌లో మొదటిసారి చూపించుకున్నప్పుడు నర్సు ఒక మాత్రల డబ్బా చేతికిచ్చి, మొదటి మూడు నెలల్లో ఏం జరుగుతుందో, ఏం తినాలో, ఏం మానాలో, ఎప్పుడు పరిగెత్తుకు రావాలో శనివారం మధ్యాహ్నం క్లాసులో వివరంగా చెబుతామంది. తోడొచ్చేవాళ్ళ క్లాసని దాని పేరు. మొగుళ్ళు వస్తే మరీ మంచిదంది. భార్యకి శనివారం సెలవు దొరకదు. కాబట్టి గ్యారంటీ వెళ్ళాలని ఇంట్లో తేలింది.

“నేను వెళ్ళి వినడమేంటి, అవసరమైతే వాళ్ళకే నాలుగు ముక్కలు చెప్పొస్తా,” అన్నాడు.

“చెప్పొద్దు. వినిరా,” అంది భార్య.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, తల్లికి కూడా చెప్పి మరీ బయల్దేరాడు. క్లినిక్ వీధి మలుపులో ఒక టీ కొట్టుంది. లోపల టీవీలో మ్యాచ్ వస్తోంది. ఒక్క టీ తాగి వెళదామని కూర్చున్నాడు. మ్యాచ్ కోసం ఆగిపోయానని ఆ తర్వాత తనకి తాను చాలాసార్లు చెప్పుకున్నాడు గానీ, అది అబద్ధం. ఆడుతున్న జట్లేవో కూడా అతనికి గుర్తులేదు. అసలు సంగతేంటంటే, వరసగా వేసిన కుర్చీల్లో పదిమంది మగాళ్ళ మధ్య కూర్చుని, ఎవరో నర్సు లేపి నిలబెట్టి, మీ ఆవిడకి ఎన్నో వారం, ఏం తింటోంది, ఏ మాత్ర వేసుకుంటోంది అని అడిగితే ఏం చెప్పాలో అతనికి తెలియదు. ఇరుక్కున్నవాళ్ళకి బయటినుంచి ధైర్యం చెప్పడం వచ్చు గానీ, తాను లోపల ఇరుక్కోవడం అలవాటు లేదు. రెండో టీ చెప్పాడు. మూడోదీ చెప్పాడు. క్లాసు అయిపోయి ఉంటుందనిపించే వేళకి లేచి, నడకలో కాస్త అలసట చూపించుకుంటూ ఇంటికొచ్చాడు.

వెళ్ళలేదని చెప్పేద్దామనే అనుకున్నాడు. మెట్లెక్కుతూ ఆ మాట రెండుసార్లు నోట్లోనే అనుకుని చూసుకున్నాడు కూడా. తలుపు తీసేసరికి భార్య పని నుంచి వచ్చి కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. తల్లి బీన్స్ గిల్లుతోంది. ఇద్దరూ తలెత్తి చూశారు. భార్య ముఖంలో ఉన్న చూపు అతనికి బాగా తెలిసిన చూపు. లిఫ్టు తలుపు సందులోంచి రోజూ చూసేదే. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పండయ్యా అనే చూపు.

నోరు దానంతటది మొదలుపెట్టేసింది.

క్లాసు బ్రహ్మాండంగా జరిగిందన్నాడు. హాలు కిటకిటలాడిపోయిందన్నాడు. మాత్రలు దేనికంటే బిడ్డకి జుట్టు ఒత్తుగా రావడానికట. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి ఎడమవైపు చూస్తే ఆయాసం రాదట. నిద్ర ఎక్కువ వస్తోందంటే బిడ్డ తెలివైనదని గుర్తట. బిడ్డ ఇప్పుడు ద్రాక్షపండంత ఉంటుందన్నది మాత్రం బస్సులో ఎవరో మాట్లాడుకుంటుంటే విన్న మాట, అది అనుకోకుండా నిజమే అయింది. అబద్ధాల మధ్య అదొక్కటీ దారి తప్పినట్టు నిలబడింది. భార్య ప్రతి మాటకీ తలూపుతూ వింది. ఆమె అలా వింటున్నకొద్దీ అతనికి ఊపొచ్చింది. తిరిగే ఫ్యానుని చూస్తూ పడుకోకూడదని కూడా చేర్చాడు. ఎందుకని తల్లి అడిగితే, బిడ్డకి కళ్ళు తిరుగుతాయన్నాడు.

చివర్లో భార్య గొంతు తగ్గించి, “మరి నీళ్ళ సంగతేమైనా చెప్పారా?” అంది.

అంటూ అత్తగారి వైపు ఒకసారి చూసింది. బాత్రూం తలుపు పక్కన సూపర్‌వైజరమ్మ సంగతి అంతకుముందు రాత్రే మొగుడికి చెప్పుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమెకి ఏ జవాబు కావాలో గ్యారంటీకి స్పష్టంగా కనపడింది.

“చెప్పారు. తగ్గించమన్నారు. రోజుకి రెండు గ్లాసులు చాలంట. ఎక్కువైతే బిడ్డకి జలుబు చేస్తుందంట.”

తల్లి చేతిలో బీన్స్ ఆగిపోయింది. “ఎవర్రా చెప్పింది?”

“క్లినిక్ వాళ్ళమ్మా. అందరూ చదువుకున్నవాళ్ళు. నీ కాలం కాదిది.”

తల్లి గిల్లిన బీన్స్ తీసుకుని లోపలికెళ్ళిపోయింది. భార్య మాత్రం బరువు దించుకున్నట్టు నిట్టూర్చి, వెనక్కి వాలి, నువ్వు వెళ్ళడం ఎంత మంచిదైంది అంది.

మొదట్లో అంతా సవ్యంగానే నడిచింది, అదే వచ్చిన చావు. నీళ్ళు తగ్గించేసరికి భార్య మిషన్ దగ్గర్నుంచి లేవడం తగ్గింది. సూపర్‌వైజరమ్మ గడియారానికి విశ్రాంతి దొరికింది. భార్య సంతోషంతో క్లాసు సంగతులన్నీ పక్క మిషన్ అక్కకి చెప్పింది. ఆ అక్క తన చెల్లెలికి చెప్పింది. తిరిగే ఫ్యాను సంగతి ఎంత దూరం పాకిందో, ఎన్ని ఇళ్ళలో ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్ళు ఉక్కపోతలో ఫ్యాను కట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నారో లెక్క తెలియదు. మెట్ల మీద భార్య మధ్యలో ఆగి ఎడమవైపు గోడని చూస్తూ నిలబడినప్పుడల్లా గ్యారంటీకి చెప్పులో గులకరాయి పడ్డట్టుండేది. తల దించుకుని వెనకే నడిచేవాడు. ఆ గోడ మీద చూడటానికి ఏమీ లేదు, పెచ్చులూడిన సున్నం తప్ప.

ఒకరోజు ఆమె నిద్రపోబోతూ, “నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో,” అంది. అతను ఆ మాట విని అటు తిరిగి పడుకున్నాడు. మెచ్చుకోలు ఇంత బరువుంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

చెప్పేద్దామని చాలాసార్లు నోరు తెరిచాడు. తీరా తెరిచాక అందులోంచి వేరే ఏదో వచ్చేది. చివరికి అబద్ధాన్ని అబద్ధంతోనే సరిదిద్దుదామని చూశాడు. క్లినిక్ వాళ్ళు ఫోన్ చేశారనీ, నీళ్ళు కాస్త పెంచినా పర్వాలేదన్నారనీ చెప్పాడు. భార్య నమ్మలేదు. నమ్మకం లేకపోయింది అతని మీద కాదు, ఫోన్ మీద. ఎవరో ఏదో పొరపాటున చేసుంటారు, నువ్వు నీ చెవులతో విన్నదే కరెక్టు, నాకు ఒంట్లో బాగానే ఉంది అనేసింది. సరే నీ ఇష్టం అన్నాడు. అన్నాక ఒంట్లోంచి బరువు దిగినట్టనిపించింది. అలా అనిపించినందుకు తర్వాత తన ముఖం అద్దంలో చూసుకోబుద్ధి కాలేదు.

ఒంట్లో బాగాలేదు. వాంతులతో పోయే నీరు పోతూనే ఉంది, లోపలికి వెళ్ళేది రెండు గ్లాసులే. పెదాలు ఎండి పొరలు లేచాయి. ఒంటికి వెళ్ళేటప్పుడు మంట మొదలైంది. మూత్రం పసుపు ముదిరి టీ రంగులోకి దిగింది. ఇలాంటివి ఎవరితో చెప్పుకుంటాంలే అని ఆమె పంటి బిగువున ఊరుకుంది. బాత్రూంలోంచి వచ్చి తలుపు పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకోవడం గ్యారంటీ చూశాడు. చూసి, ఇది మామూలే అయ్యుంటుందిలే అని తనకి తానే ధైర్యం చెప్పుకున్నాడు. ఆ రోజు అతను చెప్పిన ధైర్యం అతనికే పనిచెయ్యలేదు. తల్లి గ్లాసుతో నీళ్ళు తెచ్చి అందిస్తే కోడలు నవ్వి, రెండూ అయిపోయాయి అత్తయ్యా అంది. తల్లి ఆ గ్లాసు పట్టుకుని కొడుకు వైపు చూసింది. కొడుకు తాళంచెవులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అవి అతని చేతిలోనే ఉన్నాయి.

పక్క మిషన్ అక్క ఫోన్ చేసేటప్పటికి గ్యారంటీ ఒక దుకాణాల భవనంలో లిఫ్టు తలుపు సందుకి నోరు పెట్టి మాట్లాడుతున్నాడు. లోపల ఒక పెద్దమనిషి చిక్కుకున్నాడు. భయపడాల్సిందేమీ లేదు, గాలి పుష్కలంగా ఉంటుంది, ఈ లిఫ్టు గురించి నాకు తెలిసినంత దీన్ని తయారుచేసినవాడికి కూడా తెలియదు అని మంచి ఊపులో ఉండగా ఫోన్ మోగింది. ఒళ్ళు కాలిపోతోందనీ, మిషన్ మీదే తూలి పడిపోయిందనీ, క్లినిక్‌కి తీసుకెళుతున్నామనీ చెప్పిందావిడ. గ్యారంటీ నోరు పెగల్లేదు. లోపలి పెద్దమనిషి కాసేపు చూసి, “ఉన్నారా అండీ? ఏదో ఒకటి మాట్లాడండి,” అన్నాడు. పైమెకానిక్కు అతని ముఖం చూసి, చేతిలోంచి టార్చి తీసుకుని, వెళ్ళు అన్నాడు.

క్లినిక్‌లో భార్య చేతికి సెలైన్ ఎక్కుతోంది. అంతకు ముందే స్కాన్ చేశారు. డాక్టరమ్మ పొడిపొడిగా, విషయం మీదే మాట్లాడే మనిషి. బిడ్డ గుండె కొట్టుకుంటోందనీ, ప్రస్తుతానికి బాగానే ఉందనీ చెప్పింది. ఆ మాటకి గ్యారంటీ గోడకి ఆనుకున్నాడు. ఆవిడ ఆగలేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది, ఒంట్లో నీరు లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఇది తొందరగా పట్టుకుంటుంది, పట్టించుకోకపోతే కిడ్నీలకి పాకుతుంది, అప్పుడు తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ కష్టం. ఈ నెలల్లో వాడదగ్గ మందే ఇస్తున్నాను, మధ్యలో ఆపొద్దు. మందొక్కటే సరిపోదు, నీళ్ళు బాగా తాగాలి, వచ్చినప్పుడు ఆపుకోకూడదు. మంట గానీ, జ్వరం గానీ, రక్తం కనపడటం గానీ, కడుపులో పట్టి లాగినట్టుండటం గానీ జరిగితే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే రావాలి. ఇంత చెప్పి ఆవిడ వేరే మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. 

పెద్ద నర్సు నీళ్ళ సీసా తెచ్చి భార్య చేతికిచ్చింది. భార్య దాన్ని తీసుకుని పక్కన బల్ల మీద పెట్టేసింది.

“తాగమ్మా.”

“పొద్దున్న రెండు గ్లాసులు తాగేశానండీ.”

పెద్ద నర్సుకి అర్థం కాలేదు. రెండు గ్లాసులు ఏ మూలకి, తాగమంది. భార్య తల అడ్డంగా ఊపింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, జ్వరంలో కూడా మెల్లగానే, మొండిగా చెప్పింది. ఈ సెలైన్ కూడా ఎక్కువేమో అని భయంగా ఉందంది. బిడ్డకి మంచిది కాదని మీరే అన్నారు కదండీ అంది.

“ఎవరం? ఎప్పుడు?”

“మీ క్లాసులోనేనండీ. మా ఆయన వచ్చి కూర్చుని ఒక్క ముక్క వదలకుండా విని, ఇంటికొచ్చి అప్పజెప్పారు. ఆ రోజు నుంచీ నేను ఒక్కటీ తప్పలేదు.”

ఆమె గొంతులో గర్వం ఉంది. ఒళ్ళు కాలిపోతున్నా, ఉంది. గ్యారంటీ నేల గచ్చు మీద పలకల మధ్య గీతల్ని చూస్తూ నిలబడ్డాడు. పెద్ద నర్సు అతని వైపు తిరిగి, నేనా చెప్పింది అని అడిగింది. అతను నీళ్ళు నమిలాడు. మీరు కాదండీ, ఇంకో సిస్టరు అన్నాడు. ఆ మాట బయటికొచ్చాక వెనక్కి తీసుకుందామనిపించింది గానీ, అప్పటికే పెద్ద నర్సు తలుపు దగ్గరికెళ్ళి ఎవర్నో పిలిచింది.

వచ్చింది కొత్తగా చేరిన నర్సు. శనివారం క్లాసులు ఈ మధ్య ఆ అమ్మాయే చెబుతోంది. పెద్ద నర్సు సంగతి చెప్పేసరికి ఆ అమ్మాయి ముఖంలో రంగు మారిపోయింది. నేను నీళ్ళు తాగమనే చెబుతాను సిస్టర్, రోజుకి ఎనిమిది గ్లాసులైనా తాగమనే చెబుతాను, ఎప్పుడైనా తడబడి ఉంటే తెలియదు అంది. తడబడి ఉంటాననే అనుమానం ఆ అమ్మాయికి నిజంగానే పట్టుకుంది. అది ఆమె కళ్ళల్లో కనపడుతోంది.

భార్య మంచం మీద కాస్త లేచి కూర్చుంది. “చూడమ్మా, నీకు కొత్త కావచ్చు. కానీ మీ మాట నమ్మే కదా మేము నడుచుకునేది. మా అత్తయ్య చెబుతున్నా వినకుండా నీ మాటే విన్నాను. నా బిడ్డకి ఏమైనా అయ్యుంటే?”

కొత్త నర్సు తల వంచుకుంది. సారీ అక్కా అంది. ఆ అమ్మాయి చెయ్యని తప్పుకి చెప్పిన ఆ సారీ గ్యారంటీ వీపు మీద వాతలా పడింది. ఇప్పటికైనా చెప్పరా అని లోపల ఎవరో మెడ పట్టుకుని తోస్తున్నారు. అతను చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. 

ఆ అమ్మాయే కళ్ళు తుడుచుకుని, “అక్కా, ఏ శనివారం వచ్చారు అన్నయ్య?” అని అడిగింది. భార్య చెప్పింది. పండక్కి వెళ్తున్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు, బాగా గుర్తుందంది.

కొత్త నర్సు పెద్ద నర్సు వైపు చూసింది. “ఆ శనివారం పైన పైపు పగిలి హాల్లోకి నీళ్ళొచ్చాయి కదా సిస్టర్. వచ్చినవాళ్ళందర్నీ గేటు దగ్గర్నుంచే పంపేశాం. క్లాసు జరగలేదు.”



భార్య మెల్లగా మొగుడి వైపు తిరిగింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతన్ని నువ్వు అనే పిలిచే మనిషి.

“మీరు ఎక్కడికెళ్ళారు?” అంది.

ఆ మీరు విన్నాక గ్యారంటీకి అబద్ధం అన్నది ఒక్కటి కూడా తట్టలేదు. వీధి మలుపులో టీ కొట్టుకన్నాడు. ముందుకి రాలేదన్నాడు. క్లాసులో ఏం చెబుతారో తనకి తెలియదనీ, అప్పుడే కాదు ఇప్పుడు కూడా తెలియదనీ చెప్పాడు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమెని నేనెప్పుడూ చూడలేదు అన్నాడు. 

“మాత్రలు జుట్టుకన్నారు?”

“కాదు. నేనే అన్నాను.”

“బిడ్డ మెదడూ వెన్నూ సరిగ్గా ఏర్పడటానికక్కా, మానకూడదు,” అంది కొత్త నర్సు, మధ్యలో మాట్లాడినందుకు తనే సిగ్గుపడుతూ. మానలేదమ్మా అంది భార్య, ఆ అమ్మాయి వైపు చూడకుండా. 

“మెట్ల మీద ఎడమవైపు చూడటం?”

“నేనే.”

“ఫ్యాను?”

“అదీ నేనే.”

ఆమె ముఖం ఎర్రబడింది. జ్వరానికి కాదు. ఇన్నాళ్ళూ మెట్ల మధ్యలో నిలబడి గోడ చూసిన మనిషిని ఆమె తనలో తాను చూసుకుంటోందని అతనికి అర్థమైంది. అతను చేసినదానికి ఆమె సిగ్గుపడుతోంది. అది అతనికి తన సిగ్గుకంటే కష్టమనిపించింది.

“నీళ్ళు?”

“నువ్వు అడిగిన తీరు చూస్తే, నీకు ఆ మాట వినాలనుందనిపించింది. అందుకని చెప్పేశాను. ఏమవుతుందో నాకు తెలీదు. తెలీదని కూడా నేను ఆలోచించలేదు.”

భార్య బల్ల మీద సీసా తీసుకుని మూత తిప్పింది. సెలైన్ ఉన్న చేత్తో పట్టు దొరక్కపోతే అతను సాయానికి ముందుకొచ్చాడు. వద్దన్నట్టు మోచెయ్యి అడ్డం పెట్టి, తనే తాగింది. ఆగి ఆగి, సగం దాకా తాగింది. మూతి తుడుచుకుని, “తెలీదని ఒక్క మాట అంటే నేనే సెలవు పెట్టుకుని వచ్చేదాన్ని,” అంది. తర్వాత ఆమె కొత్త నర్సు చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది, అతనికి వినపడకుండా. 

అతను అక్కడే నిలబడి ఉండటం చూసి, “అత్తయ్య బయటున్నారు. ఆవిడక్కూడా మీరే చెప్పండి,” అంది.

వరండాలో బల్ల మీద తల్లి కూర్చుని ఉంది. వర్క్‌షాపు వాళ్ళు ఫోన్ చేస్తే ఉన్నపళంగా వచ్చేసింది, ఒక్కో కాలికి ఒక్కో జతలోని చెప్పు వేసుకుని. ఒళ్ళో మూటలో టోస్టు ముక్కలున్నాయి. బల్ల మీద ఇంకో ముగ్గురు నలుగురు, తమ వంతు కోసం చూసేవాళ్ళు, వేరే పనేమీ లేక ఇటే చూస్తున్నారు. కొడుకుని చూసి ఆవిడ లేచి నిలబడింది. లోపల ఎలా ఉందని అడగలేదు. ముందుగా అడిగింది వేరే.

“ఏమన్నార్రా? నీళ్ళు ఇవ్వొచ్చన్నారా, ఇంకా వద్దనే అంటున్నారా? నాకేం తెలుసు, నా కాలం కాదు కదా. వాళ్ళెలా చెబితే అలాగే చేద్దాం.”

గ్యారంటీ గొంతు సవరించుకున్నాడు. అక్కడున్నవాళ్ళంతా వింటారని తెలుసు. 

“వాళ్ళెప్పుడూ వద్దనలేదమ్మా. నువ్వు చెప్పిందే నిజం. వద్దంది నేను.”

“నువ్వెందుకంటావురా? క్లాసులో...”

“క్లాసుకి నేను వెళ్ళలేదమ్మా.”

తల్లి మెల్లగా మళ్ళీ కూర్చుంది. మూట పక్కకి జరిపి చోటిచ్చింది, చిన్నప్పుడు ఇచ్చినట్టే. అతను కూర్చోలేదు. ఆవిడ ఎదురుగా నిలబడే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మొదటి టీ దగ్గర మొదలుపెట్టాడు.